ఆదివారం కోరా వినాలంటే ఫ్యాన్ ఆపేయాల్సిందేనా?

పాతక్యాసెట్:
పిల్లలు అమ్మమ్మ గారింటికెళ్లారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది కదాని 'ఇన్ ది హార్ట్ ఆఫ్ ది మూన్' పెట్టాను. పశ్చిమాఫ్రికాలోని మాలి దేశపు అలీ ఫర్కా టూరే గిటార్, టుమానీ డియాబాటే కోరా (అక్కడి తీగవాద్యం), 2005 ఆల్బమ్. మా సీలింగ్ ఫ్యాన్ ఎంత మోత చేస్తుందో రెండో పాటకల్లా తెలిసొచ్చింది. తీగ మీటాక సన్నగా సాగే నాదాన్నంతా అదే మింగేస్తోంది. మీరంతా ఎలా వింటున్నారు?

బెజవాడ ఎండ:
మే నెలలో ఫ్యాన్ ఆపడమా! సంగీతమే వద్దు బాబోయ్. నేనైతే తెల్లవారుజామున ఐదింటికి, పాలవాడు రాకముందే వినేస్తాను.

గాలపుదారం:
ఉద్యోగరీత్యా సెనెగల్ రాజధాని డాకార్‌లో రెండేళ్లున్నాను, కోరాను దగ్గరగా చూశాను. పెద్ద సొరబుర్రను సగానికి కోసి, దానిమీద ఆవుతోలు బిగిస్తారు. తీగలు 21. ఇప్పుడు చాలామంది వాడేది చేపలు పట్టే నైలాన్ దారమే! వాయించేవాడు రెండు పిడులు పట్టుకుంటాడు. పని చేసేది బొటనవేళ్లు, చూపుడువేళ్లు మాత్రమే. బొటనవేళ్లు కింద ఒకే వరుసను తిప్పి తిప్పి వాయిస్తుంటే, చూపుడువేళ్లు పైన సంగతులు వేస్తుంటాయి. కళ్లు మూసుకుంటే ఇద్దరు వాయిస్తున్నారనే అనుకుంటాం. ఫోన్ స్పీకర్‌లో ఆ కింది వరుస వినపడదు, అంటే సగం వాయిద్యం పోయినట్టే. ఫ్యాన్ సంగతి తర్వాత, ముందు మంచి ఇయర్‌ఫోన్స్ చూసుకోండి.
అన్నట్టు ఆ ఆల్బమ్‌ను మాలి రాజధాని బమాకోలో, నైజర్ నది పక్కన ఓ హోటల్లో, రిహార్సల్ లేకుండా రికార్డు చేశారు.

హవానా పిచ్చి:
మాలి అంటే గుర్తొచ్చింది. 1996లో మాలి వాద్యకారులు హవానా వెళ్లి క్యూబా వాళ్లతో కలిసి రికార్డు చేయాల్సింది. మాలి వాళ్లు రాలేకపోయారు. అలా అక్కడి ముసలి గాయకులతో చేసిందే 'బ్యూనా విస్టా సోషల్ క్లబ్' ఆల్బమ్. దాని ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు) ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అమ్మినాయన 'కొత్తదానిలా ఉంటుంది సార్' అన్నాడు. రెండో వైపు గీత పడి, సూది ఒక్కచోటే గింగిరాలు కొడుతోంది. కొనేముందు రెండు వైపులా వేయించుకుని వినండి, మొహమాటపడకండి.

గోదారి గట్టు:
మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారిని మర్చిపోయారేంటండీ? కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో 1995లో చేసిన 'డ్రీమ్' వినండి. మా నాన్నగారు మాత్రం ఓ పావుగంట విని, 'కీర్తన ఎప్పుడు మొదలవుతుందిరా?' అన్నారు.

పాతక్యాసెట్:
గాలపుదారం గారూ, ఇయర్‌ఫోన్స్ కొనేలోపే పని జరిగింది. మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయింది. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఉంది. వంటింట్లోంచి పాత స్పీకర్ తెచ్చి తగిలించి, రెండో పాట మళ్లీ మొదటినుంచీ విన్నాను. బొటనవేళ్ల వరుస స్పష్టంగా వినిపించింది! చొక్కా తడిసిపోయింది. నాలుగో పాట సగంలో కరెంటొచ్చింది. స్విచ్ కట్టేద్దామని లేచేసరికి, 'దాని జోలికెళ్లావో...' అని మా ఆవిడ.