డెబ్బై దాటినవారికి పొద్దుటి పూట ప్రొటీన్ పెంచేదెలా?

వయసు 72, బరువు 60 కిలోలు, కిడ్నీలు బాగానే ఉన్నాయి. కిలోకి 1.2 గ్రాముల లెక్కన రోజుకి 72 గ్రాముల ప్రొటీన్ అందుతోంది. కానీ పొద్దున 8, మధ్యాహ్నం 20, మిగతా 44 రాత్రికే పడుతోంది. వయసు మీదపడ్డ కండరం చిన్న మోతాదుకి సరిగ్గా స్పందించదు. పూటకి కనీసం 25 గ్రాముల ప్రొటీన్, అందులో 2.5 గ్రాముల ల్యూసిన్ (కండరం కట్టడానికి తోడ్పడే, ప్రొటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం) ఉంటే మేలు. చిక్కల్లా పొద్దున ఆకలి లేకపోవడమే, గిన్నెలో సగం అలాగే మిగిలిపోతుంది. 25 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపితే దాదాపు 9 గ్రాములు, రెండు గుడ్లతో మరో 12 వస్తాయి. అయినా ఆకలి లేని మనిషికి అది ఎక్కువే. ఇంకేదైనా దారుందా? పోనీ, ఆ 8 గ్రాములకే విడిగా ల్యూసిన్ చేర్చితే సరిపోతుందా? వారానికి రెండుసార్లు బరువులెత్తే వ్యాయామం ఉంది. పెద్దవాళ్ల ఆహారం చూసే అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.