ఆసుపత్రిలో చేరాక విరేచనాలు పట్టుకున్నాయి, శానిటైజర్ దీనికి పనిచేయదంటున్నారు, నిజమేనా?

చిన్నకోడలు:
మా మామయ్యగారికి 71 ఏళ్లు, షుగర్ ఉంది. నిమోనియా అని చేర్పిస్తే తొమ్మిది రోజులు ఐవీలో యాంటీబయాటిక్స్ ఎక్కించారు. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, రేపో ఎల్లుండో డిశ్చార్జ్ అనుకుంటుండగా నీళ్ల విరేచనాలు మొదలయ్యాయి. నేనైతే ముందు క్యాంటీన్ చట్నీ మీద అనుమానపడ్డాను. రోజుకు పది పన్నెండు సార్లు, డైపర్ మార్చి అలా కూర్చునేలోపు మళ్లీ. పరీక్ష చేసి సి.డిఫ్ అన్నారు, పూర్తి పేరు క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అట. విడి గదిలోకి మార్చారు.

మంచం కమ్మీకి వేలాడే శానిటైజర్ ఇన్ని రోజులూ చేతులు పొట్టు లేచేలా రాసుకున్నాను. ఇప్పుడు సిస్టర్ వచ్చి "అమ్మా, దీనికి అది చాలదు, సబ్బుతో కడుక్కోండి" అంది. మరి ఆ సీసా అక్కడెందుకు పెట్టినట్టు? ఇంకోటి, దీనికి మందని వాంకోమైసిన్ ఇంజెక్షన్ సీసాలోది నీళ్లలో కలిపి ఆయనకు తాగించారు. అది చూసి మా మరిది ఇంతెత్తున లేచాడు, ఇంజెక్షన్ తాగించడమేంటని. ఇంట్లో నాలుగేళ్ల పాప, ఎనిమిది నెలల బాబు ఉన్నారు. ఇంటికి తీసుకెళ్లాలంటేనే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

నైట్‌డ్యూటీ:
స్టాఫ్ నర్సుని, 14 ఏళ్లుగా వార్డుల్లోనే. మీ సిస్టర్ చెప్పింది నిజమే. ఈ బ్యాక్టీరియా పేగులోనే గట్టి పెంకున్న విత్తనంలా మారి విరేచనంతో బయటపడుతుంది, స్పోర్ అంటాం. ఆల్కహాల్ ఆ పెంకును ఏమీ చేయలేదు. మంచం కమ్మీ మీద, స్విచ్ మీద నెలల తరబడి అలాగే పడి ఉంటుంది. సబ్బు కూడా దాన్ని చంపదు, ఆ మాట చాలామందికి తెలియదు. రుద్దినప్పుడు చర్మం నుంచి ఊడి నీళ్లతో పాటు పోతుంది, అంతే. అందుకే కుళాయి కింద పారే నీళ్లలో కడగాలి, బకెట్లో చెయ్యి ముంచి తీస్తే లాభం లేదు. శానిటైజర్ సీసా దండగని మాత్రం అనకండి, వార్డులో తిరిగే మిగతా క్రిములు చాలా వాటికి అది బాగానే పనిచేస్తుంది.

నేను రోజూ చూసే తప్పు ఒకటి చెబుతాను. అటెండెంట్ గ్లవ్స్ వేసుకుని చక్కగా డైపర్ మారుస్తారు, మధ్యలో ఫోన్ మోగుతుంది, అదే గ్లవ్స్‌తో ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంటారు. తర్వాత గ్లవ్స్ తీసేసి చేతులు కడుక్కుని, మళ్లీ అదే ఫోన్ పట్టుకుని అన్నం తింటారు! వాళ్లననీ లాభం లేదు. మన దగ్గర బెడ్‌పాన్ పనంతా ఇంటివాళ్లే చేస్తారు, గ్లవ్స్ ఎలా తీయాలో ఒక్కళ్లూ చూపించరు. మణికట్టు దగ్గర పట్టుకుని, లోపలి వైపు పైకి వచ్చేలా తిరగేసి లాగండి, చెత్తబుట్టలో వేసి నేరుగా సింక్ దగ్గరికి వెళ్లండి.

మందులకొట్టు:
ఫార్మసిస్టుని. మీ మరిదిగారికి చెప్పండి, తాగించడమే కరెక్ట్. జబ్బు పెద్దపేగు లోపల ఉంది. వాంకోమైసిన్ నరంలోకి ఇస్తే పేగులోకి దాదాపుగా చేరదు, నోటితో ఇస్తే రక్తంలోకి పెద్దగా పోకుండా నేరుగా పేగులోకే దిగుతుంది. క్యాప్సూల్ ఉంటే క్యాప్సూల్ ఇస్తారు, లేకపోతే ఆ సీసా పొడినే నీళ్లలో కలిపి ఇస్తారు.

చట్నీ పాపం ఏమీ లేదనుకుంటా. యాంటీబయాటిక్ వేసినప్పుడు నిమోనియా క్రిమితో పాటు పేగులోని మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది. పైరు పోయిన మడిలో కలుపు లేచినట్టు అప్పుడు ఇది లేస్తుంది, విషం వదులుతుంది. సెఫ్ట్రియాక్సోన్ లాంటివి, క్లిండామైసిన్, ఆఫ్లాక్సాసిన్ రకం మందులకు ఈ చెడ్డపేరు ఎక్కువ. గ్యాస్ బిళ్ళ కూడా రోజూ వేస్తుంటే అది నిజంగా అవసరమా అని డాక్టర్‌గారిని అడగండి. విరేచనాలు కట్టే బిళ్ళ మాత్రం మీ అంతట మీరు వేయొద్దు. పొట్ట ఉబ్బి, నొప్పి వచ్చి, విరేచనాలు ఉన్నట్టుండి ఆగిపోతే తగ్గిందని సంబరపడకండి, అది ప్రమాదం కావచ్చు, వెంటనే డాక్టర్‌ని పిలవండి.

తగ్గాక మళ్లీ టెస్ట్ చేయించమని ఎవరైనా అంటే వినకండి. మనిషి బాగయ్యాక కూడా కొన్నాళ్లు పాజిటివ్ వస్తూనే ఉంటుంది, లేనిపోని భయం. కానీ అయిదుగురిలో ఒకరికి తిరగబెడుతుంది కాబట్టి రెండు నెలలు కనిపెట్టుకుని ఉండండి. ఇకపై ఏ డాక్టర్ యాంటీబయాటిక్ రాసినా ముందే ఈ సంగతి చెప్పాలి.

లెస్టర్_లక్ష్మి:
నేనిక్కడ ఇంగ్లండ్‌లో కేర్ హోమ్‌లో పనిచేస్తాను. ఈ దేశం ఈ జబ్బుతో గట్టి దెబ్బే తింది. స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో 2003–05 మధ్య రెండుసార్లు వ్యాపించి కనీసం 33 మంది చనిపోయారు. విడి గదుల్లో పెట్టమని ఇన్ఫెక్షన్ కంట్రోల్ వాళ్లు మొత్తుకున్నా పైవాళ్లు వేరే టార్గెట్ల గొడవలో పడ్డారని 2006లో విచారణ తేల్చింది. 2007లో ఇక్కడ మోచేతుల కింద ఏమీ ఉండకూడదని రూలు పెట్టారు. వాచీ తీసేయాలి, పొడుగు చేతుల కోటు కుదరదు. నేను మొదట్లో గాజులు తీయడానికి ఏడ్చినంత పని చేశాను, ఇప్పుడు డ్యూటీకి వెళ్తూ తీసి గూట్లో పెట్టేస్తాను. చిన్నకోడలుగారూ, మీ చేతికి గుళ్లో కట్టిన ఎర్రదారం ఉంటే అదీ తీసేయండి. తడిసి నానే దారం కింద మణికట్టు ఎప్పటికీ శుభ్రం కాదు.

చిన్నకోడలు:
అందరికీ థ్యాంక్స్. దారం ఉంది, అన్నవరంలో కట్టించుకున్నది, తీసేశాను. ఇంట్లో బాత్రూమ్ సంగతి ఏం చేయాలి? పిల్లలకు వస్తుందా?

నైట్‌డ్యూటీ:
ఏడాదిలోపు పిల్లల పేగుల్లో ఇది జబ్బు చేయకుండానే ఉంటుంది చాలాసార్లు, బాబు గురించి అంత బెంగ వద్దు. పాప యాంటీబయాటిక్స్ వాడకపోతే ఆమెకూ రిస్క్ తక్కువే, చేతులు మాత్రం సబ్బుతో కడిగించండి. మామయ్యగారికి తగ్గేవరకు వీలైతే ఒక బాత్రూమ్ ఆయనకే వదిలేయండి. ముందు సబ్బు నీళ్లతో కడిగి, తర్వాత బ్లీచ్ పట్టించాలి. సీసా మీద 5 శాతం అని ఉంటే ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు, ఏ రోజుకారోజు కలుపుకోండి. ఫ్లష్ బటన్, కుళాయి తల, గొళ్లెం, స్విచ్ అన్నీ పది నిమిషాలు తడిగా ఉండాలి, అలా చుట్టేసి తుడిచేస్తే కుదరదు. బాత్రూమ్ యాసిడ్ మాత్రం బ్లీచ్‌తో కలపొద్దు, ఒకదాని వెనక ఒకటి కూడా పోయొద్దు, క్లోరిన్ వాయువు లేచి ఊపిరాడదు. ఆయన బట్టలు విడిగా, వేడినీళ్లలో.

చిన్నకోడలు:
అప్‌డేట్. ఇవాళ ఆరోసారికి ఆగింది, రెండు ముద్దలు పెరుగన్నం తిన్నారు. మా అంతస్తు సింక్ దగ్గర సబ్బు లేకపోతే పొద్దున నేనే కింద షాపులో కొని పెట్టాను. మధ్యాహ్నానికి మాయం. మా మరిది ఇంకోటి తెచ్చి, దానికి కన్నం పెట్టి, తాడుతో కుళాయికి కట్టాడు.