డిగ్రీ కాగానే పల్లెకు: రెండేళ్ల సేవతో సాగు మారుతుందా?

తొలకరి (చర్చ మొదలుపెట్టినవారు)

వ్యవసాయ డిగ్రీ చేతికి రాగానే కదిరి వైపు ఒక పల్లెలో గది అద్దెకు తీసుకుని రెండేళ్లు ఉన్నాను. రైతులను రసాయన ఎరువులు, పురుగుమందులు లేని ప్రకృతి సాగుకు మళ్లించడం నా పని. నన్ను పంపిన సంస్థ ఏదన్నది ఇక్కడ అనవసరం. ఒప్పందం ముగిసి ఇంటికి వచ్చి ఏడాది దాటింది. కుర్రవాళ్లను ఇలా రెండేళ్లకు పంపి వెనక్కి పిలిపించడం వల్ల రైతుకు నిజంగా ఏమైనా ఒరుగుతోందా, లేక మాకు అనుభవం దక్కడమేనా అన్నది అప్పటి నుంచీ తేలడం లేదు.

ఈ సంగతి కొత్తవారికి రెండు ముక్కల్లో చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో ఊళ్లలో తిరిగేవారు రెండు రకాలు. సొంత పొలంలో చేసి చూపిన అనుభవజ్ఞులైన రైతులు ఒకరు, వారినే ఐసీఆర్పీలంటారు. చదువు ముగించుకుని పల్లెలో కాపురం పెట్టే నేచురల్ ఫార్మింగ్ ఫెలోలు రెండోవారు. 2024 నవంబరులో కేంద్రం 2,481 కోట్ల రూపాయలతో ఆమోదించిన జాతీయ ప్రకృతి సాగు మిషన్ మాత్రం ఊళ్లో తిరిగే పనిని ప్రధానంగా కృషి సఖులకు, అంటే స్థానిక మహిళలకు, అప్పగించింది. బయటి పట్టభద్రుడు మేలా, ఊరి మనిషి మేలా అన్నదే తగవు.

నా కథ చెబుతాను. మొదటి వేసవిలో నవధాన్యాలు చల్లించాను. వానలకు ముందే పొడి నేలలో కంది, అలసంద, ఉలవ, జనుము, సజ్జ, కొర్ర, ఆముదం వంటి విత్తనాలను బంకమట్టి, ఘనజీవామృతం (పేడతో చేసే పొడి ఎరువు) పూతతో చల్లుతారు. ఏడాది పొడవునా నేల పచ్చగా కప్పి ఉండాలన్నది లెక్క. ఉపన్యాసం దంచాను. ఒక చిరుజల్లుకు మొలకలూ వచ్చాయి. మూడో వారంలో గొర్రెల మంద దిగింది. తెల్లారేసరికి మోళ్లు మిగిలాయి.

తప్పు గొర్రెలది కాదు. వేసవిలో చేలన్నీ మేతకు వదిలేయడం ఆ ఊరి పద్ధతి. అదే కాపరి రాత్రిళ్లు పొలంలో మంద కడతాడు, పెంట నేలకు చేరుతుంది, రైతు అతనికి గింజలో డబ్బో ఇస్తాడు. నేను పెంచుదామనుకున్న పచ్చదనం వాళ్లిద్దరి మధ్య తాతల నాటి లావాదేవీకి అడ్డుపడుతుందని నాకు తరగతిలో ఎవరూ చెప్పలేదు.

రెండో వేసవిలో విత్తనాల మాట ఎత్తకుండా ముందు కాపరుల దగ్గరికి వెళ్లాను. రామాలయం అరుగు మీద మూడు సాయంత్రాలు పట్టింది. ఊరికి తూర్పు వైపు చేలలో మాత్రమే చల్లాలి, అరవై రోజులు మంద అటు తిరగకూడదు, ఆ తర్వాత వేరుశనగకు దుక్కి చేసేలోగా సగం మేత కాపరులది. అలా ఒప్పుకొన్నారు. పదకొండు మంది రైతులు చల్లారు. మూడో వేసవికి ఎందరు చల్లారో చూడటానికి నేను అక్కడ లేను.

అందుకే నా మాట ఇది. రెండేళ్లకైతే పంపవద్దు. నాలుగేళ్లకు, ఉద్యోగానికి ఇచ్చినట్లు జీతం ఇచ్చి పంపండి. అది కుదరకపోతే ఆ డబ్బు ఊరివాళ్లకే ఇవ్వండి.

రిటైరైన ఏవో

బాబూ, వ్యవసాయాధికారిగా (ఏవో) పనిచేసి రిటైరైనవాణ్ని. గొర్రెల ముక్క బాగుంది. అయితే నువ్వు కొత్తగా కనిపెట్టావనుకుంటున్న ఉద్యోగానికి నా కంటే ఎక్కువ వయసుంది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైనప్పుడే గ్రామసేవకుడనే మనిషి ఊళ్లోకి వచ్చాడు. టీకాల నుంచి ఎరువుల దాకా అన్నీ అతని నెత్తినే. తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో శిక్షణ-సందర్శన విధానం వచ్చింది. పదిహేను రోజులకోసారి, ఫలానా వారం, ఫలానా రైతు ఇంటికి వెళ్లి తీరాలి. కాగితం మీద ఎంత అందంగా ఉండేదో! అప్పు ఆగింది, సందర్శనా ఆగింది. మీ ఫెలోలదీ ఇదే దారి కాకూడదని కోరుకుంటాను కానీ పందెం మాత్రం కాయను.

రెండో సంగతి. ముప్పై ఏళ్లు నేను వేసవి దుక్కులు దున్నమని రైతుల వెంటపడ్డాను. నేలలో దాగిన పురుగుల కోశాలు బయటపడి ఎండకు చస్తాయి, కొంగలు తింటాయి, తొలివాన ఇంకుతుంది. ఇప్పుడు నువ్వు వచ్చి దున్నవద్దు, కప్పి ఉంచు అంటావు. ఇద్దరి దగ్గరా డిగ్రీ పట్టాలున్నాయి. రైతు ఎవరి మాట వినాలి? 2019లో జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ 'పెట్టుబడి లేని సాగు' పేరుతో వచ్చిన ఈ ప్రకృతి సాగు మీద గట్టిగానే అభ్యంతరం చెప్పింది. ఇరవై రెండేళ్ల పిల్లవాడి చేత ఇంకా తగవు తేలని విషయాన్ని తేలిపోయినట్లు చెప్పించడం నాకు నచ్చదు.

పెన్నేటి గట్టు

ఏవో గారూ, ఉద్యోగంలో ఉండగా మీరు రైతులకు చెప్పిన రసాయనాల లెక్కలూ ఒకప్పుడు తేలని తగవులే. అయినా మీ చేత చెప్పించారు కదా.

రిటైరైన ఏవో

చెప్పించారు. చెప్పాను. అందుకే ఇప్పుడు జాగ్రత్తగా మాట్లాడుతున్నాను.

పసుపుకొమ్ము

నేను రైతును. డ్వాక్రా సంఘంలో ఉన్నాను. ఆరేళ్లుగా ఎకరంన్నరలో ప్రకృతి సాగు చేస్తూ పక్క ఊళ్లకు వెళ్లి చెబుతాను కూడా. ఇక్కడ అందరూ "రైతు" అంటుంటే మగమనిషే కళ్ల ముందు కనిపిస్తున్నట్లుంది. ఎరువుకు బదులు నేలకు పోసే జీవామృతం పీపా కలిపేది ఎవరండీ? రెండు వందల లీటర్ల నీళ్లు, పది కిలోల పేడ, తెల్లవారుజామున లేచి పట్టిన మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఆ తర్వాత పూటపూటకూ కర్రతో తిప్పడం. మా ఇంట్లో ఆవు లేదు. పేడ కోసం రెండు వీధులు తిరగాలి. ఖర్చు తగ్గిందని మా ఆయన సంఘంలో గర్వంగా చెప్పుకుంటారు. నా చాకిరీని ఆ ఖర్చులో ఎవరూ వేయలేదు.

మా ఊరికి వచ్చిన ఫెలో అమ్మాయి మొదటి వారంలో పెసర మొలకను చూసి మినుము అంది. నవ్వుకున్నాం. కానీ ఆ పిల్లే ఒక నోటుపుస్తకం తెచ్చి నిరుడు యూరియా, మందులు, కూలి ఎంతయ్యాయో ఒక వైపు, ఈ ఏడు ఖర్చు ఇంకో వైపు రాయించింది. నా పనిగంటలు కూడా రాసింది. అది చూశాకే మా ఆయన పీపా తిప్పడానికి వచ్చారు. ఆరేళ్లు నేను నోటితో చెప్పినది ఆ పుస్తకం ఒక్క సాయంత్రంలో చెప్పింది.

కాబట్టి సేద్యం నేర్పడానికైతే ఆ పిల్లలు అక్కరలేదు, అది మాకు వచ్చు. లెక్క రాయడానికి, బ్యాంకులో మా తరఫున మాట్లాడటానికి, పైనుంచి వచ్చిన కాగితాన్ని విప్పి చెప్పడానికి కావాలి. ఆ అమ్మాయి కూడా ఒప్పందం అయిపోయి వెళ్లిపోయింది. పుస్తకం ఇప్పుడు మా సంఘం లీడరు కూతురు రాస్తోంది.

కౌలు కాగితం

అమ్మా, మీది సొంత నేల కాబట్టి ఈ మాటలు. నేను బాపట్ల వైపు కాలువ చివరి భూముల్లో ఏడెకరాలు కౌలుకు చేస్తాను. పంట పండినా, ఎండినా ఇన్ని బస్తాలని ముందే మాట. నేల బాగుపడటానికి మూడేళ్లు పడుతుందని మా దగ్గరికి వచ్చిన కుర్రాడు చెప్పాడు. నిజమే కావచ్చు. నా కౌలు ఏడాదికి. 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు పత్రం పదకొండు నెలలకు, అదీ ఆసామి సంతకం పెడితేనే. మొదటి ఏడాది దిగుబడి పడిపోతే లోటు నాది. మూడో ఏడాది నేల తేరుకుంటే రెండు బస్తాలు కౌలు పెంచేది ఆసామి.

వరిలో తడి-ఆరుదల పద్ధతి అని ఇంకొకరు వచ్చారు. చిల్లుల గొట్టం మడిలో పాతి, నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్లు కిందికి దిగాక మళ్లీ నీళ్లు పెట్టాలట. నీరు ఆదా, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు తక్కువ. బోరున్న రైతుకు బాగానే ఉంటుంది. మాకు కాలువ నీళ్లు వంతుకు వస్తాయి, ఆ రోజు పట్టుకోకపోతే మళ్లీ ఎప్పుడో. ఆరుదల మా కాలువే చూసుకుంటోంది, తడి సంగతి ఎవరైనా చూడండి. దాని మీద మళ్లీ కార్బన్ క్రెడిట్లని, ఆ వాయువు తగ్గించినందుకు డబ్బులట! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

అయినా ఈ చర్చ ఎందుకు చదువుతున్నానో కూడా చెబుతాను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మా దగ్గరే తీరం దాటింది. నా వరి మొత్తం పడుకుంది. రెండు మళ్ల అవతల ప్రకృతి సాగు చేసినాయన వరి చాలావరకు నిలబడింది. రకం తేడానో, ఎరువు తేడానో నేను చెప్పలేను. కళ్లతో చూశాను, అంతే.

చివరి సెమిస్టర్

నేను వ్యవసాయ కళాశాలలో ఆఖరి ఏడాది విద్యార్థిని. గ్రామీణ పని అనుభవం కోసం ఇప్పుడు పల్లెలోనే ఉన్నాను. తొలకరి గారు నాలుగేళ్లు అంటున్నారు. నాలుగేళ్ల తర్వాత మాకు ఏమిటి? మా బ్యాచ్‌లో సగానికి పైగా పోటీ పరీక్షల పుస్తకాలు పల్లెకు కూడా మోసుకొచ్చారు. ఇంట్లో పెళ్లి మాటలు మొదలయ్యాయి. "సేవ" అనే మాట వినగానే నాకు అనుమానం. బ్యాంకు ఉద్యోగాన్ని ఎవరూ సేవ అనరు, జీతం అంటారు. రైతు దగ్గరికి వెళ్లే పనికి వచ్చేసరికి సేవ అంటారు, జీతం సగం చేస్తారు. పిలుపు వస్తే వెళ్తాను. అలా వెళ్తే నన్ను త్యాగమూర్తి అనవద్దు, ప్రావిడెంట్ ఫండ్ కట్టండి.

ఐదువేల ఎకరాలు

తెలంగాణ నుంచి. ఇక్కడ సుమారు ఐదువేల ఎకరాలకు ఒక విస్తరణాధికారి. నేను అలాంటి ఉద్యోగంలోనే ఉన్నాను. నాకు శాశ్వత జీతం ఉంది, తొలకరి గారికి లేనిది అదే. కానీ నా రోజంతా నమోదులు, సర్వేలు, జాబితాలతో సరి. కాపరులతో మూడు సాయంత్రాలు కూర్చోవడం నా ఉద్యోగంలో కుదరదు. కాబట్టి కుర్రవాళ్లకు శాశ్వత ఉద్యోగం ఇస్తే అన్నీ సర్దుకుంటాయని అనుకోకండి. శాశ్వతం కాగానే వాళ్ల చేతికీ ట్యాబ్ ఇస్తారు.

అయోవా తెలుగు

ఇక్కడి అమెరికా సంగతి ఒకటి పక్కన పెడతాను. 1933లో అధ్యక్షుడు రూజ్వెల్ట్ నిరుద్యోగ యువకులతో సివిలియన్ కన్జర్వేషన్ కోర్ పెట్టారు. దుమ్ము తుపానుల కాలంలో ఆ కుర్రాళ్లు పొలాల్లో గట్లు వేశారు, చెట్లు నాటారు. అది 1942లో ముగిసింది. అయితే 1935లో చట్టంతో పుట్టిన నేల సంరక్షణ విభాగం పేరు మార్చుకుని నేటికీ జిల్లా జిల్లాలో పనిచేస్తోంది. కుర్రాళ్లు పోయినా రైతు వెళ్లి తలుపు తట్టడానికి ఒక ఆఫీసు మిగిలింది. యువతను వాతావరణ పనులకు పెట్టడానికి 2023 సెప్టెంబరులో ప్రకటించిన అమెరికన్ క్లైమేట్ కోర్‌కు ఆ పునాది పడలేదు, 2025 జనవరికల్లా అయిపోయింది.

కౌలు రైతు గారి మాటకు ఇక్కడా జవాబు పూర్తిగా లేదు. అయోవాలోనూ కౌలు భూములు ఎక్కువే. కాకపోతే చలికాలంలో నేలను కప్పే పంట వేస్తే పంట బీమా ప్రీమియంలో ఎకరానికి ఐదు డాలర్లు తగ్గించే పథకం 2017లో మొదలైంది. ఆ తగ్గింపు బీమా కట్టిన సాగుదారుకే వెళ్తుంది. చిన్న మొత్తమే.

తొలకరి

అందరికీ ఒకేసారి. పసుపుకొమ్ము గారూ, మీ నోటుపుస్తకం మాట చదివాక నా మొదటి రెండు నెలల ఉపన్యాసాలు తలచుకుని సిగ్గేసింది. నేను ఒక్క పొలం ఖర్చు కూడా రాయించలేదు. ఏవో గారూ, వేసవి దుక్కి గురించి మీతో పూర్తిగా ఏకీభవించను. ఎర్ర నేలల్లో, ఆ ఎండగాలిలో దున్ని వదిలిన చేలో పైమట్టి లేచిపోవడం చూశాను. కానీ తేలిపోయినట్లు మాట్లాడానన్నది నిజం. చివరి సెమిస్టర్ గారూ, ప్రావిడెంట్ ఫండ్ మాటకు నా రెండు చేతులూ ఎత్తుతున్నాను.

నాలుగేళ్లు అన్న నా మాట మార్చుకుంటున్నాను. ఊరి మనిషి శాశ్వతంగా ఉండాలి, జీతం మీద. బయటి నుంచి వచ్చిన పట్టభద్రుడు ఆమె కింద పనిచేయాలి, పైన కాదు. మా దగ్గర లెక్క తలకిందులుగా ఉండేది. ముప్పై ఏళ్లు సేద్యం చేసినావిడ హాజరు పట్టీ మీద నేను సంతకం పెట్టేవాడిని.

కౌలు కాగితం గారూ, మీ సమస్యకు ఎవరూ జవాబు చెప్పలేదని గమనించాను. మమ్మల్ని ఎప్పుడూ కౌలుదారు దగ్గరికే పంపారు, ఆసామి ఇంటికి ఎవరూ పంపలేదు. మూడేళ్ల కౌలు రాతపూర్వకంగా ఇవ్వమని అడగడానికి ఇద్దరం కలిసి వెళ్తే? ఏడెకరాలూ వద్దు, మెరక మీదున్న అరెకరం చాలు. తుపానుకు నిలబడిన ఆ మడి రైతు ఏ రకం వేశారో కూడా కనుక్కోండి.

రిటైరైన ఏవో

రకం ముందు కనుక్కో. సగం తగవు అక్కడే తేలుతుంది.

కౌలు కాగితం

కనుక్కున్నాను. ఇద్దరిదీ ఒకే రకం. ఆయన నాటు నాకంటే పన్నెండు రోజులు ముందు.

ఆసామి హైదరాబాదులో ఉంటారు. ఫోను చేసి మూడేళ్ల మాట అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "సంక్రాంతికి ఊరొస్తాను కదా, అప్పుడు చూద్దాం. ఈలోగా ఈ ఏడాది కౌలు బస్తాలు ఎప్పుడు తోలుతున్నావు?" అన్నారు.