గ్రీన్ కోడ్ వల్ల ప్లాన్ వెనక్కొచ్చింది, పడమర అద్దాల గోడ వదులుకోవాల్సిందేనా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నాం, ప్లాన్ అంతా గీయించి పర్మిషన్‌కి పెడితే సిటీ గ్రీన్ బిల్డింగ్ కోడ్‌కి (ఇంట్లో కరెంటు, వేడి తగ్గేలా కట్టాలనే రూల్స్) సరిపోవట్లేదని వెనక్కి పంపారు. హాల్లో పడమర గోడంతా అద్దం పెట్టుకోవాలని మా ఇద్దరికీ ఎన్నాళ్ల నుంచో కోరిక, ఇప్పుడు సరిగ్గా అదే తగ్గించమంటున్నారు. పైకప్పుకి ఇన్సులేషన్ కావాలంట, సోలార్ ప్యానెళ్ల వైర్లకి పైపులు ముందే వేయాలంట, చివర్లో గాలి లీకేజీ టెస్ట్ కూడా ఉంటుందంట. ఇవి నిజంగా ఇంట్లో ఉండేవాళ్లకి పనికొచ్చేవేనా, లేక ఫైలు కదలడానికేనా? ఆ కిటికీ కాపాడుకునే దారేమైనా ఉందా?

జవాబు 1:
నేను ఇళ్లకి ఎనర్జీ లెక్కలు చేస్తుంటానండీ. నడినెత్తి ఎండని సన్‌షేడ్ ఆపుతుంది గానీ పడమటి ఎండ వాలి వస్తుంది కదా, సన్‌షేడ్ కిందనుంచి దూరి నేరుగా సోఫా మీద పడుతుంది. ఒంటి పొర మామూలు అద్దమైతే ఎండ వేడిలో 80 శాతం పైనే లోపలికి వదిలేస్తుంది. దాన్నే ఎస్‌హెచ్‌జీసీ అంటారు, 0 నుంచి 1 మధ్య ఉండే నంబర్, వేడి ప్రాంతాల్లో ఎంత తక్కువుంటే అంత మంచిది. యూ వాల్యూ వేరే, అది లోపలికీ బయటికీ మధ్య వేడి ఎంత తేలిగ్గా దాటుతుందో చెప్తుంది, ఒంటి అద్దానికి 5.8 దాకా ఉంటే మామూలు డబుల్ గ్లేజింగ్‌కి (మధ్యలో ఖాళీతో రెండు పొరల అద్దం) సుమారు 2.8 ఉంటుంది. కాబట్టి ఫైలు కోసం కాదు, రోజూ సాయంత్రం ఆ హాల్లో కూర్చునేది మీరే.
దారి ఉంది. చాలా కోడ్‌లలో ఒక్కో వస్తువుకీ పరిమితి చూసే పద్ధతి ఒకటి, ఇల్లంతా కంప్యూటర్‌లో లెక్కగట్టి మొత్తం మీద పాసైందా లేదా చూసే పద్ధతి ఇంకోటి ఉంటాయి. రెండోదాంట్లో పైకప్పు, గోడలు బాగుచేసి, లో-ఈ అద్దం (వేడిని తిప్పికొట్టే సన్నటి పూత ఉన్నది) వేసి, బయటివైపు నిలువు షేడ్ పెడితే కొంత కిటికీ మిగలొచ్చు. గోడంతా అంటే మాత్రం కష్టం.

జవాబు 2:
మా ఇల్లు ఇదే కోడ్ కింద కట్టాం, నేను పడ్డది మీరు పడకూడదని చెప్తున్నా. డ్రాయింగ్‌లో ఒక అద్దం, కాంట్రాక్టర్ తెచ్చి బిగించింది ఇంకోటి, ఇన్‌స్పెక్షన్‌లో దొరికింది, మళ్లీ అన్నీ మార్చాం. అద్దాల మీద స్టిక్కర్లు ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా పీకనివ్వొద్దు, ఇన్సులేషన్ మూసేసేముందు ప్రతి గదీ ఫొటోలు తీసుకోండి. లీకేజీ టెస్ట్ కూడా ఫినిషింగ్‌కి ముందే ఒకసారి చేయించుకోండి, పైపులూ వైర్లూ గోడ దాటే చోట్ల కంతలుంటాయి, సీలింగ్ వేశాక వాటిని వెతకడం నరకం.
సోలార్ పైపు గురించి ఆలోచించొద్దు, వేసేయండి. ఖాళీ పైపు, బోర్డులో రెండు ఖాళీ స్లాట్లు, పైన నీడపడని జాగా, అంతే కదా. కాలిఫోర్నియాలో 2020 నుంచి చాలావరకు కొత్త ఇళ్లకి ఏకంగా ప్యానెళ్లే తప్పనిసరి చేశారు.

జవాబు 3:
నాదో డౌటు అన్నా, ఇంత బిగుతుగా కడితే ఇంట్లో గాలి ఆడుతుందా? మాకు చిన్నపిల్లలున్నారు.

జవాబు 1:
మంచి ప్రశ్న. కంతల్లోంచి వచ్చే గాలి మన చేతిలో ఉండదు, గాలి వీస్తే ఎక్కువ, లేకపోతే బాగా తక్కువ, దుమ్మూ తేమా మాత్రం మోసుకొస్తుంది. కంతలు మూసి, ఫ్యాన్లతో కావాల్సినంత తాజా గాలి తెచ్చుకోవడమే పద్ధతి. టెస్ట్‌లో 50 పాస్కల్ ప్రెషర్ పెట్టి గంటకి ఇంటిగాలి ఎన్నిసార్లు మారుతుందో చూస్తారు. అమెరికాలో ఇళ్ల ఎనర్జీ పొదుపుకి వాడే ఐఈసీసీ 2021 కోడ్‌లో బాగా వేడి ప్రాంతాలకి 5 సార్లు, మిగతావాటికి 3 మించకూడదు. పాసివ్ హౌస్ అని చాలా తక్కువ ఎనర్జీతో నడిచే ఇళ్లకి వేరే ప్రమాణం ఉంది, దాంట్లో 0.6. మూసేసి వెంటిలేషన్ మర్చిపోతే మాత్రం బూజు పడుతుంది, అక్కడ మీ భయం కరెక్టే, ఆ ఫ్యాన్ల డ్రాయింగ్ అడిగి తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. ఇంకా పునాది తవ్వలేదు. పెద్ద అద్దం ఉత్తరం వైపుకి జరిపి పడమర చిన్న కిటికీ ఉంచి ఇల్లంతా లెక్క వేయించమని ఆర్కిటెక్ట్‌ని అడుగుతున్నాం, రిజల్ట్ రాగానే ఇక్కడే పెడతా.