రేగడి మట్టి, పాలీఅనిలీన్‌లతో విద్యుత్ క్షేత్రంలో గట్టిపడే ద్రవం: కరెంటు ఎందుకింత పారుతోంది?

అమలాపురం విద్యార్థిని:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం మాంట్‌మొరిల్లోనైట్ అనే పొరల బంకమట్టి కలిపిన ఆమ్ల ద్రావణంలో అనిలీన్‌ను అమ్మోనియం పర్‌సల్ఫేట్‌తో పాలిమరుగా (పాలీఅనిలీన్‌గా) మార్చి, వచ్చిన ఆకుపచ్చ పొడిని సిలికాన్ నూనెలో కలిపాను. విద్యుత్ క్షేత్రం పెంచుతుంటే, ద్రవం గట్టిపడక ముందే కరెంటు హద్దు దాటి సరఫరా ఆగిపోతోంది. పాలిమరు వాహకతను ఇంకా పెంచాలా, తగ్గించాలా? కొన్న మట్టికి బదులు మా కోనసీమ రేగడిని వాడవచ్చునా?

కాకినాడ అధ్యాపకుడు:
తగ్గించాలమ్మా. నూనెలోని రేణువులు క్షేత్రంలో ధ్రువణం చెంది (ఒక కొన ధన, మరో కొన రుణ ఆవేశం పొంది), ఒకదాన్నొకటి ఆకర్షించి, ఒక ఎలక్ట్రోడు నుంచి రెండోదాని దాకా గొలుసులు కట్టడం వల్లనే ద్రవం మిల్లీసెకన్లలో గట్టిపడుతుంది. అమెరికా ఇంజనీరు విన్‌స్లో 1940ల్లోనే ఈ ప్రభావాన్ని వివరించారు. మిల్లీమీటరుకు కొన్ని కిలోవోల్టుల క్షేత్రంలో, ఆమ్లంతో డోప్ అయిన (అంటే ఆమ్లం చేరి వాహకత పెరిగిన) పాలీఅనిలీన్ గొలుసు కట్టిందంటే అది నేరుగా కరెంటుకు దారి అవుతుంది. అందుకే పొడిని పలుచని అమ్మోనియా ద్రావణంలో కలియబెట్టి ఆమ్లాన్ని తొలగిస్తారు. ఆకుపచ్చ రంగు నీలానికి తిరుగుతుంది. వాహకత సెంటీమీటరుకు 10⁻⁹ సీమెన్స్ పరిసరాలకు దిగితే మంచిది. అలాగని మరీ తగ్గిస్తే, రేణువుల ఉపరితలానికి ఆవేశాలు తగిన వేగంతో చేరలేక ధ్రువణమే బలహీనపడుతుంది. మట్టి మేలు కూడా ఇక్కడే ఉంది: సుమారు ఒక నానోమీటరు మందమున్న దాని విద్యుద్బంధక పొరలు పాలిమరును విడదీసి, కరెంటు దారిని తెంపుతాయి.

తేమను అసలు ఉపేక్షించవద్దు. నీటిని ఆసరాగా చేసుకొని పనిచేసే పాతకాలపు మిశ్రమాలలో కరెంటు కారడం, వేడికి నీరు ఆవిరై ప్రభావం పోవడం పెద్ద చిక్కులు. పాలీఅనిలీన్‌కు నీటి అవసరం లేకపోవడమే దాని గొప్పతనం. పొడిని వాక్యూమ్ ఓవెన్‌లో ఆరబెట్టి, గాలి తగలకుండా ఉంచి, ఆరబెట్టిన నూనెలోనే కలపండి.

రాజమహేంద్రవరం నేలల పరిశోధకుడు:
రేగడి విషయం నేను చెబుతాను. దక్కను బసాల్టు శిలలు శిథిలమై ఏర్పడిన స్మెక్టైటు అనే ఉబ్బే బంకమట్టి ఖనిజాలను గోదావరి మోసుకొచ్చి డెల్టాలో పరిచింది, మాంట్‌మొరిల్లోనైట్ ఆ వర్గంలోదే. కనుక మీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. అయితే పొలం మట్టిలో ఇసుక, సున్నం, సేంద్రియ పదార్థం, ఐరన్ ఆక్సైడులు కలిసి ఉంటాయి, సముద్రం వైపు నేలల్లో ఉప్పు కూడా ఉంటుంది. సున్నాన్నీ సేంద్రియాన్నీ తొలగించాక మట్టిని నీటిలో బాగా చెదరగొట్టి నిలబెట్టండి. 20 డిగ్రీల వద్ద సుమారు 8 గంటలకు పై 10 సెంటీమీటర్లలో 2 మైక్రాన్లలోపు రేణువులే మిగులుతాయి. పొరల మధ్య అయాన్ల స్థానంలో సోడియం చేరేలా వాటిని సోడియం క్లోరైడుతో మార్పిడి చేసి, సిల్వర్ నైట్రేటు పరీక్షలో తెల్లని అవక్షేపం రావడం ఆగేవరకు కడగాలి. లవణం మిగిలితే మీ కరెంటు సమస్య మళ్లీ మొదటికొస్తుంది. మొదటి ఫలితాలు కొన్న మట్టితోనే సాధించి, ఆ తరువాత రేగడితో పోల్చి చూడటం మంచిదని నా అభిప్రాయం.

అమలాపురం విద్యార్థిని:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పాలిమరు, మట్టి పొరల మధ్యకు వెళ్లిందో, పైన మాత్రమే అంటుకుందో ఎలా తెలుసుకోవాలండీ?

కాకినాడ అధ్యాపకుడు:
ఎక్స్-కిరణ వివర్తనం గ్రాఫులో మట్టి మొదటి శిఖరం తక్కువ కోణం వైపు జరిగితే పొరల దూరం పెరిగినట్టు. కానీ పూర్తిగా ఆరిన సోడియం మట్టిలో ఆ దూరం సుమారు 1 నానోమీటరు ఉంటే, గాలిలోని తేమ పీల్చుకున్న మట్టిలో అది 1.2 దాకా పెరుగుతుంది. నీటి వల్ల వచ్చిన ఆ పెరుగుదలను పాలిమరుకు ఆపాదించకుండా ఉండాలంటే, ఉత్త మట్టిని, మిశ్రమాన్ని ఒకే ఉష్ణోగ్రత వద్ద ఒకే సమయం ఆరబెట్టి, వెంటనే రెండింటినీ కొలవండి.