వాటర్ హీటర్ పైలట్ అంటుకుంటోంది కానీ నిలవట్లేదు, ఏం చెయ్యాలి?

గుంటూరు_టు_ప్లేనో:
అందరికీ నమస్తే. మాది డల్లాస్ పక్కన ప్లేనో, 2008లో కట్టిన ఇల్లు. గరాజ్‌లో 50 గ్యాలన్ల గ్యాస్ వాటర్ హీటర్ ఉంది, నేచురల్ గ్యాస్‌ది. నాలుగు రోజుల నుంచి పైలట్, అంటే పెద్ద బర్నర్‌ని అంటించే చిన్న మంట, ఆరిపోతోంది. నాబ్ నొక్కి పట్టుకుని ఇగ్నైటర్ బటన్ టిక్కు టిక్కుమని కొడితే అంటుకుంటోంది, కాసేపటికి వెళ్ళి చూస్తే ఆరిపోయి ఉంటోంది. థర్మోకపుల్ పోయి ఉంటుందని ఎవరో చెప్తే 15 డాలర్లు పెట్టి కొత్తది తెచ్చి వేశా, అయినా అదే కథ. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చి ఉన్నారు, నాన్నకి చన్నీళ్ళు అస్సలు పడవు, పొద్దున్నే అమ్మ స్టవ్ మీద పెద్ద గిన్నెతో నీళ్ళు కాచి బకెట్లో పోసుకుని బాత్రూమ్‌కి మోస్తుంటే చూడలేకపోతున్నా. ప్లంబర్‌ని పిలిస్తే వచ్చి చూసినందుకే చార్జ్ అంటున్నాడు. ముందు నేను చూసుకోగలిగింది ఏమైనా ఉందా?

హ్యూస్టన్_మావయ్య:
తమ్ముడూ, ముందు ఒకటి చెప్పు, నాబ్ వదలగానే ఆరిపోతోందా, లేక వదిలాక కూడా ఉండి తర్వాత ఆరిపోతోందా? ఈ రెండూ వేరు వేరు జబ్బులు.

వదలగానే ఆరితే థర్మోకపుల్ వైపు చూడాలి. దాని కొన పైలట్ మంటలో కాలుతుంటే చిన్న కరెంటు పుడుతుంది, ఓ 25, 30 మిల్లీవోల్టులు అంతే, ఆ కాస్త కరెంటే వాల్వ్ లోపలి అయస్కాంతాన్ని పట్టి ఉంచి గ్యాస్ వదులుతుంది. మంట ఆరితే కొన చల్లారి గ్యాస్ దానంతటదే కట్టయిపోతుంది. అందుకే నాబ్‌ని నిమిషం పాటు పూర్తిగా నొక్కి పట్టుకోవాలి, చాలామంది పది సెకన్లకే వదిలేస్తారు. కొన మంట మధ్యలో ఉందా, వాల్వ్ దగ్గర నట్ లూజుగా ఉందా చూడు, చేత్తో బిగించి పైన పానాతో పావు తిప్పు చాలు, గట్టిగా బిగిస్తే పాడవుతుంది.

వెలిగించే ముందు మాత్రం నాబ్ ఆఫ్‌లో పెట్టి పది నిమిషాలు ఆగు, నేల దగ్గర కూడా వంగి వాసన చూడు. కుళ్ళిన గుడ్ల వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా అందరినీ తీసుకుని బయటికి వెళ్ళి అక్కడ్నుంచి గ్యాస్ కంపెనీకి ఫోన్ చెయ్యి.

గుంటూరు_టు_ప్లేనో:
థాంక్స్ అన్నా. వదిలాక నిలుస్తోంది. నాబ్ ఆన్‌కి తిప్పితే కింద పెద్ద బర్నర్ భగ్గుమని అంటుకుంటోంది, పది నిమిషాలు నడిచి అన్నీ కలిపి ఆరిపోతున్నాయి. కింద చిన్న అద్దంలోంచి చూశా, మంట నీలంగా లేదు, పసుపు రంగులో పైకి ఊగుతోంది. వాసనేం లేదు.

విశాఖ_మెకానిక్_ఇప్పుడు_ఆస్టిన్:
పసుపు మంట, కాసేపు నడిచి ఆరిపోవడం అంటే గాలి అందట్లేదు బ్రదర్, థర్మోకపుల్ తప్పు కాదు. 2003 తర్వాత వచ్చిన ట్యాంక్ హీటర్లలో బర్నర్ గది మూసి ఉంటుంది, గరాజ్‌లో పెట్రోల్ ఆవిరి అంటుకోకుండా ఆ ఏర్పాటు. గాలి అడుగున జాలీలోంచే లోపలికి వెళ్ళాలి. ఆ జాలీకి దుమ్ము, బట్టల నూగు పట్టేస్తే బర్నర్‌కి ఊపిరాడదు, లోపల వేడెక్కి సేఫ్టీ స్విచ్ గ్యాస్ ఆపేస్తుంది. ఆ స్విచ్‌ని వైరు కలిపి బైపాస్ చెయ్యమని వీడియోలు ఉంటాయి, దండం పెడతా, ఆ పని మాత్రం చెయ్యకు.

గ్యాస్ ఆపి, చల్లారాక, టార్చి పట్టుకుని పడుకుని అడుగున చూడు. వాక్యూమ్‌కి బ్రష్ తగిలించి లాగు. తర్వాత వెలిగించి ఐదు నిమిషాలయ్యాక పైన పొగగొట్టం మొదట్లో, ఆ గొడుగులాంటి దాని కింద ఒక అగరబత్తి పట్టుకో. పొగ లోపలికి లాక్కోవాలి. బయటికి తిరిగి వస్తోంటే వెంటనే ఆపేసి మనిషిని పిలు, ఎందుకంటే ఆ గాలిలో కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) అనే విషవాయువు ఉంటుంది, దానికి వాసన ఉండదు. పడగ్గదుల దగ్గర సీఓ అలారం ఉందా?

కూకట్‌పల్లి_అక్క:
మా హైదరాబాద్‌లో సిలిండర్‌తో నడిచే చిన్న గీజర్లు, పైలట్ ఉండదు, రెండు బ్యాటరీలతో నీళ్ళు తిప్పగానే వెలుగుతాయి. కానీ గాలి సంగతి ఇక్కడా అంతే అండి. బాత్రూమ్ లోపలే బిగించి కిటికీ మూసుకుని స్నానం చేస్తూ స్పృహ తప్పి ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. మేము మాది బాల్కనీలోకి మార్పించాం. పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నారు కదా, తల తిరుగుతోంది, వికారంగా ఉంది అంటే చలి అని వదిలెయ్యకండి.

గుంటూరు_టు_ప్లేనో:
అప్‌డేట్. పడుకుని టార్చి వేసి చూస్తే జాలీ కనపడలేదు, దాని మీద బూడిదరంగు నూగు దుప్పటి ముక్కలా మందంగా పరుచుకుని ఉంది, వేలు పెట్టి లాగితే మొత్తం ఒకే పొరగా ఊడొచ్చింది, అందులో మా పాప ఎర్ర స్వెటర్ పోగులు కూడా ఉన్నాయి. డ్రయ్యర్ కూడా గరాజ్‌లోనే ఉంది, దాన్ని ముందుకి జరిపి చూస్తే వెనకాల గొట్టం ఊడిపోయి నూగంతా లోపలే పోస్తోంది, ఎన్నాళ్ళ నుంచో తెలీదు. అది బిగించా, జాలీ క్లీన్ చేశా. ఇప్పుడు మంట నీలంగా ఉంది, అగరబత్తి పొగ సుర్రున లోపలికి పోతోంది. నిన్న సాయంత్రం నుంచి ఒక్కసారి కూడా ఆరలేదు, నాబ్ 120 ఫారెన్‌హీట్ దగ్గర పెట్టా. సీఓ అలారం పైన ఒకటే ఉంది, అమ్మావాళ్ళ గది బయట పెట్టడానికి ఇంకోటి ఇవాళే తెచ్చా. హ్యూస్టన్ అన్నకి, ఆస్టిన్ బ్రదర్‌కి, అక్కకి చాలా చాలా థాంక్స్.

విశాఖ_మెకానిక్_ఇప్పుడు_ఆస్టిన్:
మంచి పని చేశావు. ఆర్నెల్లకోసారి ఆ జాలీ చూస్తూ ఉండు. డ్రయ్యర్ గొట్టానికి టేపు కాదు, క్లాంప్ వెయ్యి.