సయనోబ్యాక్టీరియా విషమే ఏఎల్ఎస్‌కు కారణమా?

నీటిచుక్క:
చెరువుల మీద పచ్చని తెట్టులా పేరుకునే సయనోబ్యాక్టీరియాలో ఉండే బీఎంఏఏ అనే అమైనో ఆమ్లం నాడీకణాలను చంపుతుందని, కండరాలను నడిపే నాడీకణాలు క్రమంగా నశించే జబ్బయిన ఏఎల్ఎస్‌కు అదే మూలమని కొందరు వాదిస్తున్నారు. ఇది రుజువైన విషయమేనా?

సూక్ష్మదర్శిని:
ఆధారాలు బలంగానే ఉన్నాయని నా అభిప్రాయం. 1950లలో పసిఫిక్ మహాసముద్రంలోని గువామ్ దీవిలో ఉండే చమోరో ప్రజల్లో ఏఎల్ఎస్ ఇతర ప్రాంతాలకంటే 50 నుంచి 100 రెట్లు ఎక్కువగా కనిపించేది. వారు పిండి చేసుకుని తినే, తాటిచెట్టులా కనిపించే సైకాడ్ చెట్టు గింజల్లో 1967లో బీఎంఏఏ బయటపడింది. ఆ చెట్టు వేళ్లలో కాపురముండే నాస్టాక్ అనే సయనోబ్యాక్టీరియాలోనూ అది ఉన్నట్లు ఆ తరువాత గుర్తించారు. కణాన్ని అది దెబ్బతీసే తీరు కూడా ఊహ కాదు. బైకార్బొనేట్‌తో కలిస్తే బీఎంఏఏ, నాడీకణాల మధ్య సంకేతాలు మోసే గ్లుటమేట్‌ను పోలిన రూపం దాలుస్తుంది. నాడీకణం మీద సంకేతాలను అందుకునే గ్రాహకాలు దానికి స్పందించి తెరుచుకోగా, కాల్షియం అదుపు లేకుండా లోపలికి చేరి కణాన్ని లోపలినుంచే చెరుస్తుంది. 2016లో ప్రచురితమైన పరిశోధనలో, 140 రోజులు బీఎంఏఏ తిన్న వెర్వెట్ కోతుల మెదళ్లలో అల్జీమర్స్‌ను తలపించే ప్రోటీన్ చిక్కుముళ్లు, అమిలాయిడ్ అనే ప్రోటీన్ ముద్దలు కనిపించాయి.

సందేహి:
సూక్ష్మదర్శిని గారూ, ఆ కోతులకు ఇచ్చిన మోతాదు ఎంతో కూడా చెప్పాల్సింది: శరీర బరువులో కిలోకు రోజుకు 210 మిల్లీగ్రాములు! సైకాడ్ పిండిని వండేముందు పదేపదే నీళ్లలో కడుగుతారు, ఆ కడుగుడులోనే బీఎంఏఏ చాలావరకు పోతుంది. రోగుల మెదడులో అది ఉందని ఒక బృందం చెబితే, మరో బృందం వెతికినా దొరకలేదు. అవే పరమాణువులు వేరే అమరికలో ఉండే డీఏబీ వంటి సమాంగాలనుంచి వేరుచేసి కొలవడం కష్టం కావడంతో పాత కొలతలన్నిటినీ నమ్మలేం. గిన్నెలో పెంచిన కణం చావడం వేరు, మనిషికి జబ్బు రావడం వేరు.

సయనోబ్యాక్టీరియాలో నిస్సందేహంగా తేలిన నాడీవిషాలు వేరే ఉన్నాయి. సాక్సిటాక్సిన్ నాడీకణపు సోడియం ద్వారాలను మూసేస్తుంది. అనాటాక్సిన్, నాడుల సంకేతాన్ని కండరాలకు చేర్చే అసిటైల్‌కోలిన్ గ్రాహకాలను వదలకుండా ప్రేరేపించి శ్వాసకండరాలను స్తంభింపజేస్తుంది. తాగునీటిలో సాక్సిటాక్సిన్ లీటరుకు 3 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

సూక్ష్మదర్శిని:
అవి గంటల్లో పనిచేసేవి కాబట్టి పట్టుకోవడం తేలిక. ఏళ్ల తరబడి కొంచెంకొంచెంగా చేసే హానికి అదే కొలబద్ద వాడితే ఏదీ రుజువు కాదు. గువామ్‌లో తరువాతి తరాల్లో జబ్బు బాగా తగ్గిపోయింది. అంత త్వరగా జన్యువులు మారవు కదా, మారింది తిండి.

సందేహి:
కారణం పరిసరాల్లోనే ఉందని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ కాలంలో సైకాడ్ పిండి ఒక్కటే మారలేదు, బతుకు తీరంతా మారింది. పైగా సైకాడ్ గింజల్లో సైకాసిన్ అనే మరో విషం కూడా ఉంది. నేరం బీఎంఏఏదేనని మీరు ఎలా విడదీసి చూపుతారు?